గడువు దాటనివ్వకు, అమ్మాయ్

అమ్మాయ్, మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి ముందు జవాబు చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను. మార్పించుకో. ఎండాకాలం సెలవులొచ్చాక చూద్దామనీ, సంక్రాంతి వెళ్ళాక చూద్దామనీ వాయిదాలు వెయ్యకు. నీకు గర్భసంచిలో మిరేనా అనే హార్మోన్ లూపు పెట్టి అయిదేళ్ళు నిండాయి. ఏడాది నుంచి ఒంటికి ఈస్ట్రోజెన్ జెల్ రాసుకుంటున్నావు. ఈ రెండూ కలిశాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ స్కూల్లో టీచరమ్మ "అది ఎనిమిదేళ్ళు పనిచేస్తుందట కదా, అప్పుడే తీయించుకోవడం దేనికి, డబ్బులు దండగ" అందన్నావు. ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మిరేనా గడువును ఎనిమిదేళ్ళకు పెంచింది. అయితే ఆ లెక్క గర్భం రాకుండా ఉండటానికి మాత్రమే. బ్లీడింగ్ ఎక్కువైనవాళ్ళకు పెట్టినప్పుడు అదే సంస్థ అయిదేళ్ళ గడువే ఉంచింది. హార్మోన్ మందులు వాడుతూ గర్భసంచి లోపలి పొరను కాపాడుకోవడానికైతే బ్రిటన్‌లోని నిపుణుల సంఘం కూడా అయిదేళ్ళకు మార్చమనే చెబుతోంది. పెట్టుకున్న వస్తువు ఒకటే అయినా, దాన్ని ఎందుకు పెట్టుకున్నామన్నదాన్ని బట్టి గడువు మారుతుంది. నీకు పిల్లల ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. ఎనిమిదేళ్ళ లెక్కతో నీకు పనే లేదు.

ఎందుకిలా అంటే, ఆ ప్లాస్టిక్ ముక్కలో 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉంటుంది. పెట్టిన కొత్తలో రోజుకు 20 మైక్రోగ్రాముల చొప్పున గర్భసంచిలోకి దిగుతుంది. అయిదేళ్ళు తిరిగేసరికి ఆ మోతాదు సగానికి పడిపోతుంది. ఎనిమిదేళ్ళకు ఏడు మైక్రోగ్రాముల దగ్గరికొస్తుంది. గర్భం రాకుండా ఆపడానికి ఆ కాస్తా చాలు. నువ్వు రోజూ రాసుకునే జెల్‌లోని ఈస్ట్రోజెన్‌ను అదుపులో పెట్టడానికి చాలుతుందని నమ్మి కూర్చోలేం.

మన ఊరి భాషలో చెబుతాను విను. ఈస్ట్రోజెన్ ఎరువు లాంటిది. దాని బలంతో గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతుంది. మిరేనాలోని మందు గుంటక తోలినట్టు ఆ పెరుగుదలను ఎప్పటికప్పుడు అణచిపెడుతుంది. ఎరువు వేస్తూనే ఉండి గుంటక ఆపేస్తే చేను ఏమవుతుందో మీ నాన్నను అడుగు. ఆ పొర అలా ఏళ్ళ తరబడి పెరిగితే కొందరిలో కణాలు దారి తప్పి కేన్సర్ దాకా పోవచ్చు. ఇది డాక్టర్లు ఊహించి చెప్పిన భయం కాదు. అమెరికాలో గర్భసంచి ఉన్న ఆడవాళ్ళకు కేవలం ఈస్ట్రోజెన్ బిళ్ళలు ఇచ్చిన రోజుల్లో ఈ కేన్సర్ పెరిగిందని 1975లోనే అధ్యయనాలు బయటపెట్టాయి. అప్పటి నుంచే గర్భసంచి ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజెన్‌తో పాటు రెండో హార్మోన్ కూడా తప్పనిసరి అయింది. నీకు ఆ రెండో హార్మోన్ మిరేనా నుంచి వస్తోంది. వేరే బిళ్ళేదీ నువ్వు మింగడం లేదు. అందుకే దాని గడువు విషయంలో ఇంత పట్టింపు.

ఇదంతా విని, భయపడి జెల్ మానేస్తానంటావేమో. ఆ పని కూడా చెయ్యకు. నువ్వు జెల్ మొదలుపెట్టకముందు ఎలా ఉన్నావో నాకు తెలుసు. రెంటచింతల ఎండల వార్తలు పేపర్లో వచ్చే నెలల్లో అయితే ఎవరికైనా చెమటలే అనుకుంటాం. నీకు మాఘమాసంలో, తెల్లవారుజామున, ఫ్యాను కింద కూడా ఒంట్లోంచి ఆవిర్లొచ్చి జాకెట్టు తడిసిపోయేది. రాత్రి నిద్ర లేక పొద్దున క్లాసులో పిల్లల మీద అరిచి, మళ్ళీ అయ్యో అని నువ్వే బాధపడేదానివి. ఇప్పుడు నిద్రపోతున్నావు. దాన్ని పోగొట్టుకోవద్దు.

హార్మోన్ మందులంటే మన డాక్టర్లలోనే చాలామంది జంకడానికి ఒక చరిత్ర ఉంది. 2002 జులైలో అమెరికాలో 16,608 మంది ఆడవాళ్ళ మీద జరుగుతున్న ఒక పెద్ద పరిశోధనను మధ్యలో ఆపేశారు. రొమ్ము కేన్సర్, రక్తం గడ్డకట్టడం కొద్దిగా పెరిగాయన్నారు. ఆ కబురు ప్రపంచమంతా పాకింది. ఎంతోమంది రాత్రికి రాత్రి మందులు మానేశారు. తీరిగ్గా లెక్కలు చూస్తే ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. అరవై లోపు, లేదా ముట్లు ఆగిన పదేళ్ళ లోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు మాత్రం చాలావరకు మేలే ఎక్కువని తర్వాత తేలింది. నువ్వు వాడేది బిళ్ళ కూడా కాదు. చర్మం ద్వారా వెళ్ళే జెల్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు బిళ్ళతో ఉన్నంత ఉండదు. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల పెట్టెల మీద ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న పెద్ద హెచ్చరికలను తీసేయిస్తున్నామని ప్రకటించింది. అప్పుడు కూడా ఒక్క హెచ్చరికను మాత్రం అలాగే ఉంచింది. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి పొరకు కేన్సర్ ముప్పు ఉందన్న హెచ్చరిక అది. నేను నీకు చెబుతున్నదీ అదే.

అయితే రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్ళూ, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళూ, కాలేయం జబ్బుతో ఉన్నవాళ్ళూ, కారణం తెలియని బ్లీడింగ్ అవుతున్నవాళ్ళూ ఈ మందుల జోలికి సొంతంగా పోకూడదు. నిన్ను చూసి మీ ఆడబిడ్డ కూడా మందుల షాపుకెళ్ళి అదే జెల్ కొనుక్కుంటానన్నదట. పేరు రాసిచ్చి పంపకు. ఆమెకు గర్భసంచి ఉంది, అందులో మిరేనా లేదు. డాక్టరు దగ్గరికి నువ్వే వెంటబెట్టుకుని వెళ్ళు.

ఇక మీ అత్తగారి సందేహం. "ఆపరేషన్ అయిపోయిందిగా, మళ్ళీ లూపెందుకమ్మా" అన్నారట. ఆవిడ అలా అనడంలో వింతేమీ లేదు. మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో పదిమందికి ఏడుగురి దాకా పిల్లల ఆపరేషనే దారి. ఆ తర్వాత లోపల ఏదైనా పెట్టుకుంటారన్న మాట వాళ్ళ చెవిన పడదు. పైగా ఆవిడ తరం వాళ్ళకు లూపు అంటే వేరే జ్ఞాపకాలు. 1965లో కుటుంబ నియంత్రణ కింద దేశమంతటా లిప్పీస్ లూపు తెచ్చారు. పెట్టించుకున్నవాళ్ళలో చాలామందికి విపరీతంగా బ్లీడింగ్, నొప్పి. కొందరికి దానంతటదే జారిపోయింది. పెట్టాక మళ్ళీ చూసే నాథుడు లేక మన పల్లెల్లో దాని మీద భయం స్థిరపడిపోయింది. కాపర్‌టీ వచ్చాక కూడా ఆ భయం పూర్తిగా పోలేదు.

మిరేనా ఆ కుటుంబానిదే అయినా చేసే పని వేరు. న్యూయార్క్‌లోని పాపులేషన్ కౌన్సిల్ వాళ్ళతో కలిసి ఫిన్లాండ్‌కు చెందిన టపానీ లూకైనెన్ అనే డాక్టరు దాన్ని రూపొందించాడు. 1990లో మొదట ఫిన్లాండ్‌లోనే అమ్మకానికి వచ్చింది. కాపర్‌టీతో ముట్లు ఎక్కువవుతాయి, దీనితో తగ్గిపోతాయి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఈ తేడా మీ అత్తగారికి ఓపిగ్గా చెప్పు. వినకపోతే నాతో మాట్లాడించు. ఆవిడ నాకంటే పెద్దావిడేం కాదు.

నీకు 46 ఏళ్ళప్పుడు ఏం జరిగిందో ఒక్కసారి గుర్తుచేసుకో. నెలకు పదేసి రోజులు బ్లీడింగ్. స్కూలుకి రెండు చీరలు పట్టుకుపోయేదానివి. రక్తం ఏడు గ్రాములకు పడిపోయి మెట్లెక్కితే ఆయాసం. "ఇద్దరు పిల్లలు పుట్టారు, ఆపరేషన్ అయింది, ఇంక గర్భసంచితో పనేముంది, తీసేస్తే పీడా పోతుంది" అన్నారు ఇంటా బయటా. ఆ మాట మన పల్నాడులో ఎంత తేలిగ్గా అంటారో నాకు తెలుసు. ప్రసూతి వార్డులో పనిచేసి రిటైరైనదాన్ని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన ఉంటే, మన ఆంధ్రలో తొమ్మిదిమందికి దగ్గరగా ఉన్నారు. ఈ లెక్కలో మనదే పైచేయి. ఇది గొప్పగా చెప్పుకునే పైచేయి కాదు.

అలా తీయించుకున్నవాళ్ళను నేను తప్పుపట్టను. మిరపకోతలకు పోయే మనిషి నెలకు పదిరోజులు బట్టలు మార్చుకునే చోటు లేకుండా చేలో ఎలా నిలబడుతుంది? కూలి పోతుంది, రక్తం పోతుంది. పైగా "ఉంచుకుంటే కేన్సరవుతుంది" అని ఎవరో భయపెడతారు. ఆమె "తీసెయ్యండి" అనక ఏం చేస్తుంది? వేరే దారి ఉందని ఆమెకు చెప్పకపోవడమే అసలు తప్పు. పెద్ద పెద్ద గడ్డలున్నా, గర్భసంచి కిందికి జారినా, కేన్సర్ తేలినా, మందులకు లొంగకపోయినా ఆపరేషనే సరైన దారి. వట్టి బ్లీడింగ్ ఎక్కువైతే మాత్రం ముందు మందులు, మిరేనా వంటివి చూడాలి. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. ఇలాంటివాటిని అరికట్టేందుకు కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చెయ్యాలని చెప్పింది. అంటే ఇది మన ఒక్క ఊరి గొడవ కాదు.

నువ్వు అప్పుడు మొండికేసి మిరేనా పెట్టించుకున్నావు. మొదట్లో మూణ్ణెల్లు చుక్కలు చుక్కలుగా కనిపించి విసిగించినా, తర్వాత ముట్లే దాదాపు ఆగిపోయాయి. రక్తం పన్నెండు గ్రాములకు ఎక్కింది. అలా కాపాడుకున్న గర్భసంచిని ఇప్పుడు గడువు దాటిన మందుకు వదిలెయ్యకు. "ఎటూ మార్చాలంటున్నారుగా, ఇప్పుడైనా తీయించేసుకుంటే పోలా" అని మళ్ళీ ఎవరైనా అంటారు. పది నిమిషాల పనికి బదులు పెద్ద ఆపరేషన్ దేనికని అడుగు. దానికి జవాబు చెప్పలేనివాళ్ళ మాట వినకు.

సరే, ఇక వెళ్ళే ముందు చేసుకోవలసినవి.

మొదట పాత కాగితాలు తియ్యి. మిరేనా పెట్టినప్పుడు ఒక చిన్న కార్డు ఇస్తారు, అందులో తేదీ ఉంటుంది. అది దొరక్కపోతే ఆసుపత్రి చీటీ మీద చూడు. మనవాళ్ళు ఆధార్ కార్డును బంగారంలా దాస్తారు, ఈ కార్డును పిండిగిర్నీ రసీదులతో పాటు పారేస్తారు. కొత్తది పెట్టాక ఆ కార్డును ఫోన్లో ఫొటో తీసి ఉంచు. మార్చాల్సిన నెల కూడా రాసిపెట్టు. మీ అమ్మాయికి కూడా చెప్పు.

మధ్యలో ఎప్పుడైనా బ్లీడింగ్ కనబడిందా అన్నది డాక్టరుకు దాచకుండా చెప్పు. హార్మోన్ మొదలుపెట్టిన మొదటి ఆరు నెలల్లో అడపాదడపా చుక్కలు మామూలే. అంతవరకూ ఏమీ లేకుండా ఉండి ఈమధ్యే కొత్తగా మొదలైతే, మార్చడానికి ముందు స్కానింగ్ చేసి పొర మందం చూడాలి. అవసరమైతే పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. "ఈ వయసులో మామూలే" అని ఎవరన్నా ఊరుకోవద్దు. బీపీ చూపించుకో. షుగర్ ఉంటే చెప్పు, రక్తం పలచబడే బిళ్ళలు వాడుతుంటే చెప్పు. ఎటూ పరీక్ష మంచమెక్కుతావు కాబట్టి గర్భసంచి ముఖద్వారానికి కేన్సర్ పరీక్ష కూడా అప్పుడే చెయ్యమని అడుగు. రొమ్ము పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావో గుర్తులేకపోతే అదీ చేయించుకో.

దారాలు కనిపిస్తే పాతది తియ్యడం క్షణాల పని. కనిపించకపోతే కంగారు పడకు. చాలామందికి దారం పైకి ముడుచుకుపోతుంది. స్కానింగ్‌లో అది గర్భసంచిలోనే ఉందని చూసుకుని సన్నని పరికరంతో తీస్తారు. అలా రాకపోతే మత్తిచ్చి, కెమెరా గొట్టంతో లోపల చూస్తూ తీస్తారు. స్కానింగ్‌లో అసలు కనిపించకపోతే పొట్టకు ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రేలో కనిపించేలాగే దాన్ని తయారుచేస్తారు.

నొప్పి గురించి అడిగావు కదా. ఉండదని అబద్ధం చెప్పను. ముట్లు ఆగే వయసులో లోపల పొడిబారుతుంది, గర్భసంచి ముఖం బిగుసుకుంటుంది. అందువల్ల కిందటిసారి కంటే కాస్త ఎక్కువ అనిపించవచ్చు. కానీ పళ్ళు బిగబట్టి ఓర్చుకోవడం ఆడదానికి గొప్ప అన్న పాత మాట ఇక్కడికి తేకు. మా రోజుల్లో కేకలేసినవాళ్ళను కసిరేవాళ్ళు, అది తప్పు. 2024లో అమెరికా ఆరోగ్య శాఖవాళ్ళు కూడా పెట్టే ముందే నొప్పి గురించి మాట్లాడి, తగ్గించే దారులన్నీ చెప్పాలని డాక్టర్లకు సూచించారు. గర్భసంచి ముఖం దగ్గర తిమ్మిరి మందు స్ప్రేగానో, జెల్‌గానో, సూదిగానో ఇవ్వగలరా అని ముందే అడుగు. పొడిబారడం ఎక్కువగా ఉంటే కొన్ని వారాల ముందు నుంచి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము రాసివ్వగలరు. పిల్లలు నీకు ఆపరేషన్‌తో పుట్టారు కదా, ఆ సంగతి కూడా చెప్పు. బాగా భయమైతే కాసేపు మత్తిచ్చి చేసేచోటికి వెళ్ళు. అందులో నామోషీ లేదు.

ఖాళీ కడుపుతో వెళ్ళకు. మత్తు ఇవ్వబోవడం లేదంటే నాలుగిడ్లీలు తిని వెళ్ళు. కొందరికి పెట్టే క్షణంలో కళ్ళు తిరుగుతాయి, అందుకని. లోపల స్పెక్యులమ్ పెడతారు, శుభ్రం చేస్తారు, పాతదాన్ని దారం పట్టి లాగుతారు. గర్భసంచి ముఖాన్ని ఒక పరికరంతో పట్టుకున్నప్పుడు చిటుక్కుమంటుంది. సన్నని కడ్డీతో లోతు కొలిచి, కొత్తదాన్ని లోపలికి పంపుతారు. ముట్టునొప్పి ఒక్కసారిగా వచ్చినట్టుంటుంది. నిమిషాల్లో అయిపోతుంది. పడుకున్నచోటు నుంచి వెంటనే లేవకు. స్కూటీ మీద ఒక్కదానివే వెళ్ళకు, మీ ఆయన్ని తీసుకెళ్ళు. బయట కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటాడు, ఆ మాత్రం పనికొస్తాడు.

పెట్టేది ఏదో నీ కళ్ళతో చూసుకో. 52 మిల్లీగ్రాముల హార్మోన్ ఉన్నదే కావాలి. మిరేనానే కానక్కరలేదు, మన దేశంలో తయారైనవీ దొరుకుతున్నాయి. గవర్నమెంటాసుపత్రిలో కాపర్‌టీ ఉచితంగా పెడతారు కదా అని దానికి ఒప్పుకోకు. అందులో హార్మోన్ ఉండదు, నీ గర్భసంచి పొరకు అది కాపలా కాయలేదు.

తర్వాత రెండు మూడు రోజులు పొత్తికడుపు లాగుతుంది. నొప్పి బిళ్ళ వేసుకో. కొన్ని వారాలు చుక్కలు కనిపించవచ్చు. రెండోసారి పెట్టించుకున్నవాళ్ళకు మొదటిసారంత విసుగు సాధారణంగా ఉండదు. ఇరవైమందిలో ఒకరికి అది జారి బయటికొచ్చేస్తుంది, ఎక్కువగా మొదటి మూణ్ణెల్లలోనే. అందుకే ఆరు వారాలకు ఒకసారి చూపించుకో. గర్భసంచికి చిల్లు పడటం చాలా అరుదు, వెయ్యిమందిలో ఒకరికో ఇద్దరికో జరుగుతుంది. మొదటి మూడు వారాల్లో జ్వరమొచ్చినా, చెడువాసనతో తెల్లబట్ట అయినా, బిళ్ళకు తగ్గని నొప్పి ఉన్నా, గంటగంటకూ ప్యాడ్ తడిసినా ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఊరుకోకు. పెట్టినచోటికే పరుగెత్తు. కోటప్పకొండ మెట్లెక్కే మొక్కుంటే ఆ వారం కాకుండా తర్వాత తీర్చుకో. త్రికోటేశ్వరుడు ఎక్కడికీ పోడు.

ఏదో కారణంగా ఆ రోజు కొత్తది పెట్టడం కుదరలేదనుకో, లేదా అపాయింట్‌మెంట్ దొరకడానికి నెల పడుతుందనుకో. అప్పటిదాకా రాత్రిపూట వేసుకునే ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్స్ రాసిమ్మని డాక్టరును అడుగు. జెల్ ఒక్కటే వాడుతూ నెలలు గడపకు. నిజానికి ఇవాళే ఫోను చేసి ఈ సంగతి అడుగు. మిరేనాయే ఇష్టం లేనివాళ్ళకు కూడా ఈ క్యాప్సూల్స్ ఒక దారి. రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోగలగాలి, అంతే.

నీ స్నేహితురాళ్ళలో పిల్లల ఆపరేషన్ కానివాళ్ళు ఉంటే ఈ నాలుగు ముక్కలు వాళ్ళకు చెప్పు. హార్మోన్ జెల్, బిళ్ళలు గర్భాన్ని ఆపవు. ముట్లు అటూ ఇటూ అవుతున్న వయసులో కూడా గర్భం వచ్చే వీలుంది. మిరేనా మార్పించుకునే ముందు ఏడు రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండాలి, లేదా నిరోధ్ వాడాలి. పాతది తీశాక ఏ కారణం చేతనైనా కొత్తది పెట్టడం కుదరకపోతే చిక్కు రాకుండా ఉండటానికి. మిరేనా ఉన్న చాలామందికి ముట్లు కనపడవు కాబట్టి అసలు ఆగాయో లేదో తెలియదు. హార్మోన్ వాడుతుండగా చేసే రక్తపరీక్ష కూడా దాన్ని సరిగ్గా చెప్పదు. 55 ఏళ్ళు నిండితే గర్భం భయం వదిలెయ్యవచ్చు. అప్పటికీ జెల్ వాడుతూ ఉంటే మాత్రం మిరేనా గానీ క్యాప్సూల్స్ గానీ ఉండాల్సిందే.

ఎక్కడికి వెళ్ళాలన్నావు. 2022 ఏప్రిల్‌లో మన నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. అంతకు ముందు నుంచే ఇది ఆసుపత్రుల ఊరు. వినుకొండ నుంచి, మాచర్ల నుంచి, గురజాల నుంచి జనం ఇక్కడికే వస్తారు. గైనకాలజిస్టులకు కొదవ లేదు. మిరేనాలు తరచుగా పెట్టేవాళ్ళెవరో కనుక్కో, అదొక్కటే ముఖ్యం. నెలకు నాలుగు పెట్టే చెయ్యికీ, ఏడాదికి ఒకటి పెట్టే చెయ్యికీ తేడా ఉంటుంది. దారం దొరక్కపోయినా, మత్తు కావాలన్నా గుంటూరు పెద్దాసుపత్రి ఉంది, మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ఖర్చు వేలల్లోనే అవుతుంది, కాదనను. అయిదేళ్ళకు పంచి చూసుకో. నీ ఇంట్లో నెలనెలా ఫోన్లకు కట్టే రీఛార్జ్ కంటే ఎక్కువేం కాదు.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. మన ఇళ్ళల్లో మగాళ్ళ బీపీ బిళ్ళలు అయిపోతే ఇల్లంతా హడావుడి పడుతుంది. ఆడదాని గర్భసంచి గురించి మాత్రం ఆడవాళ్ళే గొంతు తగ్గించి మాట్లాడతారు, అదీ వంటింట్లో. మీ అమ్మ అలాగే దాచింది. ముట్లు ఆగిపోయిన మూడేళ్ళకు మళ్ళీ కనిపిస్తే ఎవరికీ చెప్పకుండా ఆర్నెల్లు నెట్టుకొచ్చింది. అదృష్టం బాగుండి అది చిన్న కణితితోనే సరిపోయింది. నీకు అలాంటి దాపరికం వద్దు. మీ ఆయనకు చెప్పు, కూతురికి చెప్పు. ముట్లు పూర్తిగా ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా అది డాక్టరుకు చెప్పాల్సిన విషయమేనని స్టాఫ్ రూములో తోటి టీచర్లకు కూడా చెప్పు.

ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకుని, తేదీ నాకు చెప్పు. రెండో శనివారమైతే స్కూలుకి సెలవు పెట్టే పని కూడా ఉండదు. నేనూ వస్తాను, లోపలికి రానిస్తే పక్కనే నిలబడతాను. జెల్ రాసుకుంటున్నన్నాళ్ళూ మిరేనాకు అయిదేళ్ళే గడువని గుర్తుపెట్టుకో, తల్లీ. నీకు చెప్పాల్సింది అదొక్కటే.